ఆపి చూసే ఆర్థర్ మావయ్య

నడుస్తున్నది ఏదైనా సరే, ఒకసారి ఆపి, మళ్ళీ నడిపించి చూస్తే తప్ప ఆర్థర్ మావయ్య నమ్మేవాడు కాదు. చక్కగా తిరుగుతున్న ఫ్యానును ఆపేవాడు. పాడుతున్న రేడియో నోరు నొక్కేవాడు. పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం గిన్నెను కూడా సగంలో దించి, మళ్ళీ పెట్టి, ఉడుకు వచ్చాక తృప్తిగా తల ఊపేవాడు. పెళ్ళయిన నాటినుంచి ఆ ఇంట్లో అన్నం ఒక్క ఊపున ఉడికి ఎరగదని మంగాయమ్మత్త చెబుతుంది.

"ఒకపాలి ఆపి సూద్దాం" అన్నది ఆయన ఊతపదం. రంగూన్‌లో అహ్లోన్ రేవు దగ్గర మా తెలుగువాళ్ళ వీధిలో ఆయన వస్తుంటే ఆడుకునే పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా నిలబడిపోయేవారు. ఆయన చెయ్యి ఊపితే మళ్ళీ పరుగెత్తేవారు. ఆయన కూడా ఆ ఆటను మహా గంభీరంగా ఆడేవాడు.

ఒక ఆదివారం చర్చిలో కరెంటు పోయి మైకు ఆగిపోయింది. అది తిరిగి వచ్చేసరికి పాస్టరు గారికి ప్రసంగం ఎక్కడ ఆపారో గుర్తు లేక, మొదటి వాక్యం నుంచీ మళ్ళీ ఎత్తుకున్నారు. అందరం ఆకలితో నకనకలాడాం. బయటికి వచ్చేటప్పుడు ఆర్థర్ మావయ్య ఆయన చెయ్యి పట్టుకుని, ప్రసంగం బాగుంది గానీ దానికి నిలవ ఉండే ఏర్పాటు లేదని సలహా చెప్పాడు. పాస్టరు గారు మూడు వారాలు ఆయన ముఖం చూడలేదు.

పెళ్ళి సంగతి ఇంకా ఘోరం. మంగాయమ్మత్త పబేడాన్ బజారులో పప్పులు అమ్మే లింగరాజు గారి కూతురు. వాళ్ళు హిందువులు, మావయ్య బాప్టిస్టు. అయినా ధైర్యం చేసి, బర్మా కొత్త సంవత్సరపు నీళ్ళ పండగ రోజున ఒళ్ళంతా తడిసి ఉండగా ఆమెకు మనసులో మాట చెప్పాడు. ఆమె సరేనంది. ఆ మర్నాటి నుంచి ముప్పై రోజులు మావయ్య ఆ వీధి ఛాయలకు రాలేదు. మనిషికి ఏమైందోనని ఈమె ఏడ్చింది. ఈలోగా తండ్రి ఇన్సేన్ రైలు వర్క్‌షాపులో గుమాస్తా సంబంధం ఒకటి తెచ్చి పెట్టాడు. ముప్పై ఒకటో రోజున మావయ్య కొట్టు ముందుకు వచ్చి, ఆ ప్రేమ ఇంకా ఉందా అని అడిగాడు.

"ఉంది గానీ, నీకు బుర్రుందా?" అందట అత్త.

ఆ జవాబుతో మావయ్యకు పూర్తి నమ్మకం కుదిరింది. పెళ్ళయిపోయింది.

ఇలాంటి మనిషి కంప్యూటర్ల పనిలోకి వెళ్ళడం వింత కాదు. పబేడాన్‌లో నాలుగైదు కొట్లకు సరుకుల లెక్క చూసే ప్రోగ్రాములు రాసి పెట్టి బతికేవాడు. మా వీధి చివర ఒక చిన్న ధర్మాసుపత్రి ఉంది. డాక్టరమ్మ ఖిన్ వా బర్మా ఆవిడ. కౌంటరులో కూర్చుని రోగుల పేర్లు రాసుకునే పని నాది. పాత రిజిస్టర్లను చెదలు తినేస్తున్నాయని తెలిసి, 2019 వర్షాలప్పుడు ఆర్థర్ మావయ్య వచ్చి, ఊరికే కంప్యూటరు రిజిస్టరు కట్టి ఇస్తానన్నాడు. వెనకగదిలో సర్వరు పెట్టాడు. అది నడిచేది జావా అనే కంప్యూటరు భాష మీద. సాయంత్రాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ జావా నేర్పడం మొదలుపెట్టాడు.

నాకు మొదట చెప్పిన పాఠం ఇది. మనం కొట్టిన పేరు ముందు యంత్రం తలలో ఉంటుంది. యంత్రం ఆగితే తలలోది పోతుంది. పోకుండా దాన్ని కిందికి దింపి డేటాబేసు పట్టికల్లో పడుకోబెట్టే పొర ఒకటి మధ్యలో ఉండాలి. ఆ పొరను సరిగ్గా అమర్చడమే అసలు పని, మిగతాదంతా ముగ్గులు పెట్టడం.

ఆ పొర అంత తేలిగ్గా అమరలేదు. మూడు రోజులపాటు సర్వరు డేటాబేసు కనబడడం లేదని మొరపెట్టుకుంది. ఆ రెండూ ఒకే పెట్టెలో పక్కపక్కనే ఉన్నాయి. మూడో రోజు సాయంత్రం మావయ్య నవ్వడం మొదలుపెట్టాడు. డేటాబేసుకు సర్వరు దగ్గర రాయించిన పేరు ఒకటి, అప్లికేషను పిలుస్తున్న పేరు ఇంకొకటి. ఒక్క అక్షరం తేడా.

"నన్ను సర్కారు కార్డు మీద ఊ ఆంగ్ తేన్ అంటారు, చర్చిలో ఆర్థరంటారు, మా నాయనమ్మ చిట్టిబాబంటాది. చర్చికొచ్చి ఆంగ్ తేన్ ఏడీ అనడిగితే ఎవుడు పలుకుతాడు, నవోమమ్మా?" అన్నాడు.

రంగూన్ తెలుగువాళ్ళకు అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. ఆ పాఠం నేను మళ్ళీ మరిచిపోలేదు. డేటాబేసుకు కనెక్షన్లు ముందే కొన్ని తెరిచి ఉంచుకోవాలన్న సంగతి కూడా అలాగే చెప్పాడు. రేవు దగ్గర పడవ దిగేవాళ్ళ కోసం అయిదారు సైకాలు, అంటే మా ఊరి మూడు చక్రాల రిక్షాలు, ఎప్పుడూ కాచుకుని ఉంటాయి కదా. మనిషి దిగాక సైకాను కొనడానికి పరుగెత్తరు కదా. అదే లెక్క అన్నాడు.

రిజిస్టరు నడిచింది. అప్పటినుంచి మాకు కష్టాలు మొదలయ్యాయి. ఆర్థర్ మావయ్య రోజుకు మూడుసార్లు వచ్చి సర్వరును ఆపేవాడు. బెంచీల మీద ముప్పై మంది రోగులు కూర్చుని ఉన్నా సరే. అది మళ్ళీ లేవడానికి నాలుగు నిమిషాలు పట్టేది. లేవగానే మొదటి రోగి పేరు కొట్టి చూసేవాడు. మొదటి రోగి పోలయ్య. ఒకప్పుడు రేవులో బియ్యం బస్తాలు మోసిన ముసలాయన, చక్కెర జబ్బు మనిషి, మందు ఉన్నా లేకున్నా రోజూ మా బెంచీ మీదే కూర్చునేవాడు.

"పోలయ్య ఉన్నాడు" అని వెనకగది నుంచి మావయ్య ప్రకటించేవాడు.

"ఇక్కడే ఉన్నాను బావూ" అని బెంచీ మీంచి పోలయ్య పలికేవాడు.

రెండేళ్ళు ఇదే తంతు. నాలుగు వేల పేర్లు నేనే కొట్టాను. ఆపొద్దని ఎన్ని విధాల చెప్పినా వినేవాడు కాదు. ఆపితే పోయేది మనది కాదమ్మా అనేవాడు. విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఆ గొంతు కోసం చెవులు కోసుకుంటాను.

2021 ఫిబ్రవరి మొదటి తేదీ ఉదయం ఊళ్ళో ఫోన్లన్నీ మూగబోయాయి. మావయ్య అలవాటు కొద్దీ తన ఫోనును ఆపి మళ్ళీ పెట్టి చూశాడు, అత్త ఫోనును ఆపి మళ్ళీ పెట్టి చూశాడు, నా దగ్గరికి వచ్చి నాది కూడా ఆపి మళ్ళీ పెట్టి చూశాడు. సైన్యం పగ్గాలు తీసుకుందన్న వార్త అప్పటికి రేడియోలో వస్తోంది. ఆయన మూడు ఫోన్లూ బల్ల మీద వరసగా పెట్టి కాసేపు చూశాడు.

"ఈపాలి ఆపింది నాను కాదు" అన్నాడు మెల్లగా.

తర్వాతి రోజులు అందరికీ తెలిసినవే. వీధుల నిండా జనం, రాత్రి ఎనిమిదింటికి సైన్యానికి నిరసనగా ఇంటింటా గిన్నెల మోత. మావయ్య కూడా అరుగు మీద నిలబడి అత్త ఇత్తడి పళ్ళెం వాయించేవాడు. మధ్యలో ఒకసారి ఆపి, వీధి మోత ఆగలేదని సరిచూసుకుని, మళ్ళీ వాయించేవాడు. మార్చి వచ్చేసరికి కాల్పులు మొదలయ్యాయి. ఫోన్లలో ఇంటర్నెట్ పోయింది. పక్క పేటలో ఎవరు ఉన్నారో ఎవరు లేరో తెలిసేది కాదు. దెబ్బలు తగిలినవాళ్ళు పెద్దాసుపత్రులకు పోతే సైనికులు పట్టుకుపోతారని భయపడి మా వెనక తలుపు తట్టేవారు. డాక్టరమ్మ ఒక్కరినీ పొమ్మనలేదు. ఎవరికి ఏ మందు పడదో, ఎవరి కట్టు ఏ రోజు మార్చాలో, మార్చడానికి ఏ ఇంటికి మనిషిని పంపాలో రాయకపోతే వైద్యం సాగదని ఆవిడ అంది. నేను అన్నీ రిజిస్టరులో ఎక్కించాను. పేరు, ఇల్లు, గాయం.

అప్పుడే ఆర్థర్ మావయ్యకు ఏదో అయింది. సర్వరును ఆపడం మానేశాడు.

ఒక రోజు చూశాను, రెండు రోజులు చూశాను. వారం గడిచినా ఒక్కసారీ ఆపలేదు. పైగా దాని దగ్గరికి ఎవరినీ పోనిచ్చేవాడు కాదు. ఊడ్చే మనిషిని కూడా గుమ్మం దగ్గరే ఆపి, తనే చీపురు పట్టాడు. కరెంటు పోతే యంత్రం ఆగకూడదని ఎక్కడినుంచో రెండు లారీ బ్యాటరీలు మోయించుకు వచ్చాడు. కరెంటు పోయిన ప్రతిసారీ ఆ బ్యాటరీల పక్కన, బాలింత పక్కన కూర్చున్నట్టు కూర్చునేవాడు. పోలయ్యకు బెంగ పట్టుకుంది. రోజుకు మూడుసార్లు తను ఉన్నట్టు ఎవరూ ప్రకటించకపోతే ఆయనకు ఏమీ తోచడం లేదు. మావయ్యకు వంట్లో బాగాలేదేమోనని నేను మంగాయమ్మత్తను అడిగాను. ఇంట్లో ఫ్యాను మామూలుగానే ఆపుతున్నాడని ఆమె చెప్పింది.

నీళ్ళ పండగకు నాలుగు రోజుల ముందు, పొద్దున్న పదిగంటలకు నలుగురు వచ్చారు. ఇద్దరి చేతుల్లో తుపాకులు, ఒక అధికారి, మెడలో కంప్యూటరు సంచి వేసుకున్న ఒక పడుచువాడు. మార్చి నుంచి ఇక్కడ వైద్యం చేసిన వాళ్ళందరి పేర్లూ ఇళ్ళూ కావాలని అధికారి అడిగాడు. ఆ పేర్లన్నీ ఎక్కించింది నేనే.

వెనకగదిలోంచి ఆర్థర్ మావయ్య లుంగీకి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అన్నీ భద్రంగా ఉన్నాయని బర్మీస్‌లో ఎంతో వినయంగా చెప్పాడు. అయితే ఒకసారి ఆపి చూపిస్తాను, లేకపోతే నమ్మలేం అన్నాడు. సంచి మనిషి వద్దనబోయేలోగా వేలు మీటను నొక్కింది.

అది లేచే నాలుగు నిమిషాలూ మావయ్య ఆ అధికారికి జావా సర్వరు అంటే ఏమిటో, పొర అంటే ఏమిటో పాఠం చెప్పాడు. సైకాల సంగతి కూడా వదల్లేదు. అధికారి గడియారం చూసుకున్నాడు. సర్వరు లేచింది. మావయ్య పోలయ్య పేరు కొట్టాడు. లేడు. మొత్తం ఎంతమంది అని అడిగాడు. సున్నా అని వచ్చింది.

బెంచీ మీంచి పోలయ్య, ఎవరూ అడక్కుండానే, "నాను ఇక్కడే ఉన్నాను కదా" అన్నాడు.

నాకు ఏడుపు పొంగుకొచ్చింది. ఎదురుగా తుపాకులు ఉన్న సంగతే మరిచిపోయాను. బర్మీసూ తెలుగూ కలగలిపి ఆయన మీద పడ్డాను.

"రెండేళ్ళు, మావయ్యా. నాలుగు వేల పేర్లు, ఈ సేతి యేళ్ళతోటి కొట్టేను. ఆపొద్దు ఆపొద్దని కాళ్ళకి మొక్కినట్టు సెప్పేనే. నీ పిచ్చికి అందర్నీ తుడిచిపెట్టీసేవు."

మావయ్య తల దించుకున్నాడు. అంత చిన్నగా ఆయనను నేనెప్పుడూ చూడలేదు. సంచి మనిషి కూర్చుని కాసేపు ఏవో ఫైళ్ళు తెరిచాడు, పట్టికలు వెతికాడు. తర్వాత అధికారి చెవిలో ఏదో చెప్పి నవ్వాడు. మొదటి వారం నేర్చుకునేవాడు చేసే తప్పట అది. సర్వరు లేచినప్పుడల్లా పాత పట్టికలను పడగొట్టి కొత్తవి కట్టమని ఒక వరసలో రాసి ఉంది. అధికారి నా వంక జాలిగా చూశాడు. మావయ్య వంక వేరేగా చూశాడు.

నకలు ఉండాలి కదా అని అడిగారు. రోజూ పెన్‌డ్రైవులో తీసేవాడినని, అది లుంగీ మడతలో ఉండిపోయిందని మావయ్య అన్నాడు. ఇద్దరు మనుషులు వెళ్ళి మంగాయమ్మత్తను పిలుచుకొచ్చారు. ఆమె ఏమాత్రం తడుముకోకుండా, లుంగీతోపాటు దాన్ని కూడా ఉతికేశానని, మురికి వదలలేదని రెండుసార్లు సబ్బు పెట్టానని చెప్పింది. కావాలంటే చూసుకోమని తెచ్చి బల్ల మీద పెట్టింది. చాలా శుభ్రంగా ఉంది.

వెనకగది యంత్రాన్నీ మావయ్యనూ వాళ్ళు బండిలో వేసుకుని పోయారు. మూడో రోజు మధ్యాహ్నం మావయ్య నడుచుకుంటూ తిరిగి వచ్చాడు. కంటి కింద నల్లగా ఉంది. అత్త కన్నీళ్ళు పెట్టుకుంటే, అక్కడ రేయింబవళ్ళు లైటు వెలుగుతూనే ఉందని, ఒకసారి ఆపి చూడమని మర్యాదగా అడిగినా ఎవరూ ఒప్పుకోలేదని ఫిర్యాదు చేశాడు. ఇంతటి తెలివితక్కువవాడు ఎవరికి ఏం చేస్తాడని తేల్చి వదిలేశారు.

ఆర్థర్ ముట్టుకుంటే మాయం అన్న మాట పబేడాన్ అంతా పాకింది. కొట్లవాళ్ళు ఒక్కొక్కరే పని మానిపించారు. ఇరవై ఏళ్ళ పేరు ఒక్క వారంలో పోయింది. ఆయన ఎవరితోనూ వాదించలేదు. ఒక నోటు పుస్తకం చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి, పాత రోగుల మందు అట్టలు చూసి, ఎవరికి ఏ మందు ఎంతో రాసుకొచ్చాడు. ముసలమ్మలు ఎర్రబిళ్ళ అనీ, గుండ్రటి బిళ్ళ అనీ, రోడ్డు మీది అబ్బాయి ఇచ్చిన బిళ్ళ అనీ చెబితే, అవన్నీ ఓపిగ్గా విని, డాక్టరమ్మకు అర్థమయ్యేలా తిరగరాశాడు. రోజూ సాయంత్రం ఆ పుస్తకం నా కౌంటరు మీద పెట్టేవాడు. నేను తలెత్తకుండా తీసుకునేదాన్ని. అన్ని నెలలూ ఆయనతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

చలికాలం వచ్చేసరికి బతుకు గడవక, అత్తతో కలిసి సరిహద్దు దాటి థాయ్‌లాండ్‌లోని మేసోట్‌కు వెళ్ళిపోవడానికి సిద్ధమయ్యాడు. వెళ్ళే రోజున కౌంటరు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నవోమమ్మా, ఎల్లొస్తాను" అన్నాడు.

"ఊఁ" అన్నాను. పేర్లు రాసుకుంటూనే ఉన్నాను.

ఆ "ఊఁ"ను వెనక్కి తీసుకోవడానికి ఏమైనా ఇస్తాను.

రెండేళ్ళ తర్వాత ఎవరో పుణ్యాత్ములు ఆసుపత్రికి ఒక పాత యంత్రం ఇచ్చారు. రిజిస్టరు మళ్ళీ పెడదామా అని డాక్టరమ్మ అడిగింది. చేతకాదంటే మావయ్య పాఠాలకు అవమానం. సరేనన్నాను. ఆయన రాసుకున్న అసలు ఫైళ్ళు కౌంటరు కంప్యూటరులో, నాకు పాఠం చెప్పిన చోటే ఉన్నాయి. పొరను అమర్చే ఫైలు తెరిచాను. డేటాబేసు పేరు ఉంది. కనెక్షన్లు ఉన్నాయి. కిందికి వచ్చాను. పడగొట్టి కట్టు అనే ఆ పాపిష్ఠి వరస కనిపించింది. దాని మీద, యంత్రం పట్టించుకోకుండా మనుషులే చదువుకునేలా, రెండు ముక్కలు రాసి ఉన్నాయి. బర్మీస్‌లో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి.

"పరీక్ష కోసం ఈ మాట మార్చాను. తిరిగి మార్చడం మరిచిపోయాను. తప్పు పూర్తిగా నాది. కౌంటరులో కూర్చునే అమ్మాయికి దీనితో సంబంధం లేదు. ఆమెకు రెండేళ్ళు జావా నేర్పాను, ఒక్క ముక్క కూడా ఎక్కలేదు."

ముందు నాకు ఒళ్ళు మండింది. రెండేళ్ళూ బంగారు శిష్యురాలివని నోటితో అంటూ లోపల ఇలా రాస్తాడా అనిపించింది. తర్వాత ఫైలు తేదీ చూశాను. మార్చి పదహారు. దెబ్బలు తగిలిన మొదటి మనిషి మా వెనక తలుపు తట్టిన మర్నాడు. అధికారి రావడానికి ఇరవై నాలుగు రోజుల ముందు.

మరిచిపోయానని ఇరవై నాలుగు రోజుల ముందే రాసి పెట్టుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఒక్కొక్కటే తెలిసి వచ్చింది. ఆ ఇరవై నాలుగు రోజులు ఎందుకు ఆపలేదో, లారీ బ్యాటరీలు ఎందుకో. కట్లు మార్చినంత కాలం డాక్టరమ్మకు ఆ పేర్లు కావాలి, ఎవరైనా వచ్చి అడిగిన నిమిషంలో అవి ఉండకూడదు. కొందరి పేర్లే పోతే అనుమానం, అందరివీ పోతే తెలివితక్కువతనం. రోజుకు మూడుసార్లు ఆపే పిచ్చివాడని ఊరంతా సాక్ష్యం చెప్పగలిగిన మనిషి కాబట్టే ఆ పని ఆయనకే కుదిరింది. ఆ రెండు ముక్కలూ సంచి మనిషి చదవడానికి, నా మీదికి ఏదీ రాకుండా రాసినవి. నాకు చెప్పకపోవడం ఎందుకో కూడా తెలిసింది. అధికారి నమ్మింది మావయ్య మాటను కాదు, నా ఏడుపును. చెప్పి ఉంటే అంత బాగా ఏడవగలిగేదాన్ని కాదు.

మంగాయమ్మత్త తమ్ముడు బలరాం మ్యావడీ దాకా సరుకుల లారీ తోలుతాడు. అక్కడినుంచి నది దాటితే మేసోట్. ఫోనులో మాట్లాడదగ్గ సంగతి కాదు కనక ఒక కాగితం మడిచి అతని చేతికి ఇచ్చాను. అందులో రాసింది ఒకే ఒక్క వాక్యం.

"మావయ్యా, నాకు జావా వచ్చు."

మూడు వారాలకు జవాబు వచ్చింది. క్షేమసమాచారాలు లేవు. ఏడు వరసల ప్రోగ్రాము, దాని కింద ఒక మాట.

"వస్తే ఇందులో తప్పు ఎక్కడో చెప్పు."

పదకొండు రోజులు దానితో కుస్తీ పట్టాను. నాకు రెండు తప్పులు దొరికాయి. ఒకటి ఆయన కావాలని పెట్టింది. రెండోది ఆయనకు తెలియకుండానే పడింది. ఈ సంగతి చెప్పడానికి బలరాం లారీ ఎప్పుడు వస్తుందా అని రోజూ వీధి చివరిదాకా పోయి చూసి వస్తున్నాను.